డబుల్ రిజిస్ట్రేషన్ అమ్మవారు

దిల్‌సుఖ్‌నగర్‌లో మేము కిరాయికి ఉన్న ఇంటి ఓనరమ్మకు పసుపు పడేది కాదు. గడపకు రాస్తే టైల్స్ మీద మరక పడుతుందని, తులసి కుండీ పెడితే కింది పోర్షన్‌లోకి నీళ్లు దిగుతాయని, సాంబ్రాణి వేస్తే కొత్త సున్నం నల్లబడుతుందని ఆమె భయం. మంచి మనిషే. నాకు జ్వరం వస్తే గంజి కాచి పంపింది, ఆ మేలు ఇప్పటికీ తలచుకుంటాను. అయినా ప్రతి శుక్రవారం తెల్లవారకముందే గడపకు పసుపు రాసి, బొట్లు పెట్టి, దండం పెట్టుకుని, ఆమె పాల ప్యాకెట్ కోసం తలుపు తీసేలోపల తడిగుడ్డతో తుడిచేసేదాన్ని. దేవుడు చూస్తే చాలు, ఓనరమ్మ కూడా చూడాలని ఎక్కడా లేదు కదా.

మాకు సొంతిల్లు కావాలనిపించింది అందుకే. పెద్ద ఇల్లు కాదు, తుడిచే పని లేని ఒక గడప చాలు.

మా ఆయన బస్సు డిపోలో మెకానిక్. ఆయన ఇన్నేళ్లు కూడబెట్టింది, పుస్తెలు తప్ప నా ఒంటి మీది బంగారం, నల్లగొండ దగ్గరి ఊళ్లో మా అత్తమ్మ అమ్ముకొచ్చిన బర్రెలు, అన్నీ కలిసి ఒక ప్లాటయ్యాయి. ఎల్బీనగర్ దాటి, వనస్థలిపురం కూడా దాటి, షేర్ ఆటో దిగి ఇంకాస్త నడిస్తే వస్తుంది. అప్పుడక్కడ నాలుగైదు ఇళ్లు, మిగతా అంతా తుమ్మచెట్లు, ప్లాట్ల మూలల్లో పాతిన కడీలు. నేను బడికి పోయినదాన్ని కాదు. మా నాయన పొద్దుటి పూజ ముగించి, అదే పీట ముందు నన్ను కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించేవాడు. అలా నేర్చుకున్న చదువు కాబట్టి ఏ కాగితమైనా చేతికి వస్తే స్తోత్రం చదివినట్టే మొదటి నుంచి చివరి దాకా చదువుతాను. రిజిస్ట్రేషన్ దస్తావేజు కూడా అలాగే చదివాను. హద్దుల దగ్గరికి వచ్చేసరికి గొంతు కూడా పెరిగింది. తూర్పున రోడ్డు, దక్షిణాన పక్క ప్లాటు, పడమర పక్క ప్లాటు, ఉత్తరాన పొరుగు రైతు పొలం. ఆ పొరుగు రైతు కూడా తన పొలాన్ని ప్లాట్లు చేసి అమ్ముకుంటున్నాడని అందులో రాయలేదు. రాయరు కూడా.

భూమిపూజ నాడు అత్తమ్మ పెత్తనం. పూజ ఈశాన్యం మూలన జరగాలి. మా ఆయన ఉత్తరం వైపు చివర ఉన్న కడీని చూపించారు.

"ఈశాన్యం గక్కడ, అమ్మా. గా కడీ కాడ."

అత్తమ్మ అటు చూడనే లేదు. కడీకి పది అడుగులు ఇవతల, రోడ్డు అంచునే, నెత్తిన మట్టి గట్టిపడ్డ మోకాలెత్తు నల్లరాయి ఒకటి నిటారుగా నిలబడి ఉంది. ఆమె చూపు దాని మీదే.

"నిలబడ్డ రాయిని ఇడిసిపెట్టి ఉత్త మట్టికి మొక్కమంటవా?"

"అది పాత రాయంట. పట్టించుకోకుండ్రి అన్నడు అమ్మినాయన."

"పాతదైతే ఇంకా మంచిది. మనకన్న ముందుగాల ఒచ్చి కూసున్నది. అడగకుండ ఇల్లు కడితే ఊకుంటదా?"

మా ఆయన డిపోలో ఎంత పెద్ద ఇంజనైనా విప్పేస్తారు కానీ అత్తమ్మతో వాదనకు దిగరు. పూజ ఆ రాయికే జరిగింది. పసుపు పూశాం, కుంకుమ పెట్టాం, కొబ్బరికాయ కొట్టాం. వస్తూ వస్తూ అత్తమ్మ వెనక్కి తిరిగి, "ఒస్తం మైసమ్మా, జాగ జర చూస్కో" అని చెప్పి వచ్చింది. అలా ఆ రాయికి పేరు పడింది, ఉద్యోగమూ దొరికింది.

మళ్లీ నెలకు వెళ్లి చూస్తే రాయి మీద మేము పెట్టని కుంకుమ ఉంది. ఆ తర్వాత నిమ్మకాయ దండ వచ్చింది. షేర్ ఆటోల వాళ్లు మొదటి బేరం ముందు అక్కడ అగరుబత్తి వెలిగించడం మొదలుపెట్టారు. ఎవరి కోరికో తీరింది కాబోలు, వెండి కళ్లు వచ్చాయి. ఇంకెవరో మూడు పక్కల ఇటుకలు పేర్చి పైన రేకు వేశారు. ఆషాఢంలో బోనం కూడా వచ్చింది. మా కాలనీకి అప్పటికి నల్లా లేదు, వీధి దీపం లేదు. దేవత మాత్రం ఉంది. ఆటో దిగేవాళ్లు "మైసమ్మ కాడ ఆపు" అనేవాళ్లు. మా ఖాళీ ప్లాటుకు ఇంత మందిని కాపలా పెట్టినందుకు ఆ తల్లికి రోజూ దండం పెట్టుకునేదాన్ని.

ఒక ఆదివారం మేము వెళ్లేసరికి మా ప్లాటులో భూమిపూజ జరుగుతోంది. మాది కాదు.

పంతులుగారు, పట్టుచీరలో ఒకావిడ, ఆవిడ భర్త ఉన్నారు. మా కడీకీ మైసమ్మకూ మధ్య పీటలేసుకుని కూర్చున్నారు. ఆవిడ మా రాయికి బొట్టు పెట్టి, "తల్లీ పోలేరమ్మా, నువ్వే దిక్కు" అంటోంది. అత్తమ్మకు ముందు కోపం తెప్పించింది అదే.

"గామె పోలేరమ్మ కాదు, మైసమ్మ."

ఆవిడ తల ఎత్తి, ఏమీ అర్థం కాకపోయినా నవ్వి, "ఏ పేరుతో పిలిచినా పలుకుతుంది కదండీ. కూర్చోండి పిన్నిగారూ, ప్రసాదం తీసుకుని వెళ్దురుగాని" అంది.

మా జాగలో మమ్మల్నే కూర్చోమంది. ప్రసాదం పులిహోర. తిన్నాం. చాలా బాగుంది, అబద్ధం ఎందుకు చెప్పాలి.

తిన్నాక అసలు సంగతి మొదలైంది. వాళ్లది కృష్ణా జిల్లా. ఆయన దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో లెక్కలు చెబుతారు. వాళ్లూ కిరాయి ఇంట్లోనే, మా ఇంటికి నాలుగు వీధుల అవతల. ఇటుకల మీద కూర్చుని రెండు దస్తావేజులూ పక్కపక్కన పెట్టి చదివాం. మా ప్లాటు మా రైతు సర్వే నంబరులో, వాళ్ల ప్లాటు ఉత్తరాన ఉన్న పొరుగు రైతు సర్వే నంబరులో. నంబర్లు వేరు, లేఔట్లు వేరు, అందుకే కొనేముందు పాత అమ్మకాలు చూసుకునే ఈసీ కాగితం తీసినప్పుడు ఎవరిది వాళ్లకు కడిగిన ముత్యంలా వచ్చింది. కానీ నేల మీదికి వచ్చేసరికి మా రైతు తన హద్దు దాటి ఉత్తరానికి గీసి అమ్మాడు, వాళ్ల రైతు తన హద్దు దాటి దక్షిణానికి గీసి అమ్మాడు. మధ్యలో ఒక పట్టీ ఇద్దరికీ రిజిస్టరయింది. మైసమ్మ సరిగ్గా ఆ పట్టీలో కూర్చుని ఉంది. వాళ్ల మాట నెగ్గితే మాకు మిగిలేది అత్తమ్మ అమ్మిన బర్రెలకు కొట్టం వేసేంత. మా మాట నెగ్గితే వాళ్ల పరిస్థితీ అంతే.

మాస్టారు రెండు కాగితాలనూ ఒకదాని మీద ఒకటి పెట్టి, "లెక్కల్లో దీన్ని ఇంటర్‌సెక్షన్ అంటారండీ" అన్నారు.

"మా దిక్కు కబ్జా అంటరు సార్" అన్నారు మా ఆయన.

అమ్మిన ఇద్దరి ఫోన్లూ ఆ రోజు నుంచి స్విచాఫ్.

అది ఉద్యమం జోరు మీద ఉన్న కాలం. పొద్దున లేస్తే ధర్నానో, బందో, ర్యాలీనో. దిల్‌సుఖ్‌నగర్ షాపుల షట్టర్లు సగం దించి ఉండేవి. రమ్మంటే తెరుచుకునేలా, పొమ్మంటే మూసుకునేలా. మా సంగతి తెలిసిన ప్రతివాళ్లూ దాన్ని పెద్ద తగాదాలో కలిపేశారు. డిపోలో మా ఆయన స్నేహితులు, "ఫికర్ చేయకు అన్నా, తెలంగాణ ఒచ్చినంక జాగ నీదే" అన్నారు. మాస్టారి బంధువులు విజయవాడ నుంచి ఫోన్ చేసి, "రాష్ట్రం ఎక్కడ వస్తుందిలే, కోర్టుకెళ్లు, నువ్వే గెలుస్తావు" అన్నారట. అంటే మా ప్లాటు తేలాలంటే ముందు ఢిల్లీలో తేలాలి. ఢిల్లీ వాళ్లకు మా కడీలు కనబడతాయా అని నాకు అనుమానం.

చంపాపేట్‌లో ఒక వకీలు దగ్గరికి వెళ్లాం. కాగితాలన్నీ చూసి ఆయన కళ్లద్దాలు తీశారు.

"కేసు మస్తుగున్నది. కానీ కోర్టుకు నేను పోతలేను, అవతల వకీలు పోతలేడు. జడ్జిసాబ్ ఒక్కడే ఒచ్చి కూసొని పోతున్నడు. బహిష్కరణ నడుస్తున్నది గదా. రాష్ట్రం ఒచ్చినంక రాండ్రి."

"అప్పటిదాంక ఏం జెయ్యాలె సార్?" అన్నారు మా ఆయన.

"జాగ మీద ఉండుండ్రి. పొసెషన్ ముఖ్యం."

జాగ మీద ఉండాలంటే ఏం చేయాలి? గోడ కడితే వాళ్లు కూలగొడతారు, బోర్డు పెడితే వాళ్లూ ఇంకోటి పెడతారు. నాకు తోచింది నేను చేశాను. శుక్రవారం పొద్దున్నే మొదటి షేర్ ఆటోలో వెళ్లి, అమ్మవారి ముందు ఊడ్చి, కళ్లాపి చల్లి ముగ్గు వేశాను. చిన్న ముగ్గు కాదు. అమ్మవారి దగ్గర మొదలుపెట్టి మా ఉత్తరం కడీ దాకా తీగలు సాగదీశాను. ముగ్గు తొక్కి పీట వేసే ధైర్యం ఏ ఆడదానికి ఉంటుంది?

మరుసటి శుక్రవారం నేను వెళ్లేసరికి నాకంటే ముందే ఆవిడ వచ్చి వెళ్లింది. కుడి నుంచి ఎడమకు, మా జాగలో సగానికి పైగా, పద్మాలు. ఒక్కో పద్మం మా వంటింటంత. మధ్యలో పసుపు, కుంకుమ, పైన ఒక్కో మందారం. తొక్కలేక రోడ్డు మీద నిలబడే దీపం పెట్టి వచ్చాను. అంత చక్కటి పద్మాలు వేసే చేతిని తిట్టుకోవడానికి మనసు రాలేదు. కొంచెం తిట్టుకున్నాను.

అలా కొన్నాళ్లు సాగింది. నేను ఎంత పొద్దున వెళితే ఆవిడ అంతకంటే పొద్దున. చివరికి ఒక రోజు ఇద్దరం ఒకే ఆటోలో ఎదురెదురుగా కూర్చున్నాం. ఆవిడ ఒళ్లో ముగ్గు డబ్బా. నా ఒళ్లో ముగ్గు డబ్బా.

"మీకు ఎంత దాకా కావాలి వదినగారూ?" అంది ఆవిడ, దారి మధ్యలో.

"కడీ దాకా."

"మాకు అమ్మవారిని దాటి మీ వైపు దాకానండీ."

ఆటో అతను అద్దంలో మమ్మల్నే చూస్తున్నాడు. ఆ రోజు ఇద్దరం కలిసి ఒకే ముగ్గు వేశాం, ఎవరి వైపు నుంచి వాళ్లు. మధ్యలో కలిసేచోట చుక్కలు సరిపోలేదు. సరిపోనట్టే వదిలేశాం. ఆవిడను అక్కా అని పిలవడం ఆ రోజే మొదలైంది. ఇంటికి వచ్చి చెబితే అత్తమ్మ, "నిన్ను వదినంటది, జాగ గుంజుకుంటది. పులిహోర తిన్నప్పుడే అనుకున్న" అంది.

తర్వాత సమ్మె వచ్చింది. డిపోలో బస్సులన్నీ వరసగా నిలబడిపోయాయి. ఎల్బీనగర్ చౌరస్తాలో వంటావార్పు పెట్టారు. రోడ్డు మీదే పొయ్యిలు, రోడ్డు మీదే డేగిశాలు, రోడ్డు మీదే బంతి భోజనం. నేను ఆడవాళ్లతో కూర్చుని వంకాయలు తరుగుతున్నాను. మా ఆయన పప్పుచారు బకెట్ పట్టుకుని వడ్డిస్తున్నారు. ఆగిపోయిన ఆటోల మధ్య నుంచి బ్యాగు నెత్తిన పెట్టుకుని ఎండలో నడిచి వస్తున్న మాస్టారు నాకు కనబడ్డారు. ఆయనకు మేమూ కనబడ్డాం. అటు తిరిగిపోదామనుకున్నారు కానీ అటు జెండాలు, ఇటు పప్పుచారు.

మా ఆయన గరిటె ఊపి పిలిచారు. "రాండ్రి సార్, కూసోండ్రి."

"పర్లేదండి, ఇంటికెళ్లి తింటాను."

"ఆటోలు సాయంత్రందాంక కదలయి. తినుండ్రి సార్, పప్పుచారుకు రిజిస్ట్రేషన్ అక్కర్లేదు."

పక్కన కూర్చున్నవాళ్లు నవ్వారు. ఆయన బ్యాగు పక్కన పెట్టి విస్తరి ముందు కూర్చున్నారు. మొదట బెరుకుగా, తర్వాత ఆకలిగా తిన్నారు. మారు అన్నం కూడా పెట్టించుకున్నారు. ఆకు మడుస్తూ, "ఉప్పు ఒక్క పిసరు తగ్గిందండీ" అన్నారు.

మా ఆయన బకెట్ కింద పెట్టారు. "సార్, జాగ అడిగిండ్రు, ఊకున్న. ఇప్పుడు ఉప్పు అంటున్నరు."

ఈసారి మాస్టారు కూడా నవ్వారు. చేయి కడుక్కుంటూ అన్నారు, "కోర్టులు తెరిచేదాకా మనం ఆగలేమండీ. నాకు ఇల్లు ఖాళీ చేయమని చెప్పారు. ఒక సర్వేయర్‌ని పెట్టి ఇద్దరం కలిసి కొలిపిద్దాం. పాత నక్షాలో రెండు సర్వే నంబర్ల మధ్య హద్దు రాయి ఉంటుందంట. అది ఎక్కడ తేలితే అక్కడి నుంచి గీత. ఎవరికి ఎంత పోయినా పోయినట్టే."

"మాట మీద ఉంటరా?"

"ప్రమాణం చేస్తాను."

"ఎక్కడ?"

"పోలేరమ్మ దగ్గరే."

"మైసమ్మ" అన్నారు మా ఆయన. అయినా ఒప్పుకున్నారు.

వారం తిరక్కముందే ఇద్దరూ అమ్మవారి ముందు వెలిగే కర్పూరం మీద చేయి పెట్టి ప్రమాణం చేశారు. హద్దు రాయి దొరికితే దాన్నుంచే కొలత, ఇద్దరికీ సమ్మతం. ఆ తల్లి వెండి కళ్లతో అంతా వింటూ కూర్చుంది.

సర్వేయర్ పెద్దాయన, రిటైరైన మనిషి. సర్కారు ఆఫీసులు సమ్మెలో ఉన్నా ఆయన గొలుసుకు సమ్మె లేదు. నాలా పక్కన ఒక పాత రాయి దొరికించుకుని, అక్కడి నుంచి నక్షా ప్రకారం కొలవడం మొదలుపెట్టారు. గొలుసు ఒక కొస మా ఆయన చేతిలో, ఇంకో కొస మాస్టారి చేతిలో. తుమ్మచెట్ల మధ్య నుంచి ముగ్గురూ నడుచుకుంటూ వస్తుంటే మేము ఆడవాళ్లం రోడ్డు మీద నిలబడి చూస్తున్నాం. అక్క పెదవులు కదులుతున్నాయి, ఏ మంత్రమో.

కొలత వచ్చి అమ్మవారి రేకు ముందు ఆగింది.

సర్వేయర్ నక్షా చూశారు. గొలుసు చూశారు. అమ్మవారిని చూశారు.

"రాయి ఈడనే ఉండాలె. పాత బండ్లబాట అంచున. ఇప్పటి రోడ్డే గా బాట."

మా ఆయన ఆకాశం వైపు చూశారు. మాస్టారు మెల్లగా చెప్పులు విడిచారు.

"గీ రాయే అయి ఉంటది" అన్నారు సర్వేయర్. "సర్కారు రాయైతే నెత్తి మీద ప్లస్ గుర్తు చెక్కి ఉంటది. గా గుర్తు నడుమ నుంచే పట్టాలె కొలత. జర పైన పసుపు గీకితే తెలుస్తది."

"ఎవలు గీకుతరు?" అన్నది అత్తమ్మ.

సర్వేయర్ మా ఆయన వైపు చూశారు. మా ఆయన మాస్టారి వైపు చూశారు. మాస్టారు, "నేను సైన్స్ మనిషినే అనుకోండి, కానీ..." అని అక్కడితో ఆపేశారు.

"నువ్వు గీకు" అంది అత్తమ్మ సర్వేయర్‌తో.

"నాకు మోకాళ్ల నొప్పులున్నయమ్మా. ఇంకెందుకు అమ్మవారితోని."

ఇంతమంది మగవాళ్లు, కర్పూరం మీద ప్రమాణం చేసినవాళ్లు, ఒక రాయి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డారు. గుర్తు ఉంటే ఎవరికి లాభమో, ఎవరికి నష్టమో ఎవరికీ తెలియదు. నేను అక్క వైపు చూశాను. ఆవిడ అప్పటికే నన్ను చూస్తోంది.

"ఎన్నాళ్లాయె అక్కా, అమ్మవారికి అభిషేకం జరగక" అన్నాను.

ఆవిడ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "అదే అనుకుంటున్నా వదినగారూ. శుక్రవారం చేద్దాం. పాలు, పెరుగు మీరు చూడండి. నేను చింతపండు తెస్తాను."

"అమ్మవారికి చింతపండు ఎందుకు?" అంది అత్తమ్మ అనుమానంగా.

"వెండి కళ్లు నల్లబడ్డాయి కదండీ పిన్నిగారూ. తోమొద్దూ?"

ఆ శుక్రవారం కాలనీలో ఉన్న నాలుగిళ్ల ఆడవాళ్లూ వచ్చారు. ఆటోల వాళ్లు రేకు ఎత్తి పక్కన పెట్టారు. చీర తీశాం, దండలు తీశాం, కళ్లు తీసి వెండి గిన్నెలో పెట్టాం. నేను దక్షిణం వైపు, అక్క ఉత్తరం వైపు. ముందు నీళ్లు, తర్వాత పాలు, పెరుగు, తేనె, కొబ్బరినీళ్లు. ఎవరూ గీకలేదు, ఒట్టు. అభిషేకంలో అమ్మవారి ఒళ్లు రుద్దడం ఉంటుంది కదా, అంతే. కాకపోతే ఇద్దరం నడినెత్తి దగ్గరే ఎక్కువ భక్తి చూపించాం. ఇన్నాళ్ల పసుపు, దాని కింది పాత మట్టి పొరలు పొరలుగా ఊడి, బెల్లం గడ్డల్లా కాళ్ల మీద పడింది. నా వేళ్లకు మొదట ఒక గాడి తగిలింది. మరుక్షణమే అక్క వేళ్లు ఆగిపోయాయి. ఆవిడకూ తగిలింది.

నల్లరాయి నెత్తిన, పాలు కారుతూ, ప్లస్ గుర్తు.

మనసులో, తల్లీ, నా గడప ఎక్కడుందో అక్కడ చూపించు, ఇంకేమీ అడగను అనుకున్నాను. అడగడం అప్పటికే అయిపోయిందని తర్వాత తోచింది.

భక్తుల వరసలో చివర నిలబడ్డ సర్వేయర్ తీర్థం తీసుకోవడానికి వంగారు. వంగిన మనిషి అలాగే కాసేపు ఉండిపోయారు. తర్వాత తీర్థం తాగి, తల తుడుచుకుని, సంచిలోంచి తూకపు గుండు తీసి, "అమ్మా, జర ఏమనుకోకు, డ్యూటీ" అని చెప్పి అమ్మవారి నెత్తి మీద వేలాడదీశారు.

అత్తమ్మ కళ్లు పెద్దవి చేసి చూసింది. ఆమె ఏమంటుందోనని నేను భయపడుతున్నాను.

"అంటే మన మైసమ్మకు సర్కారు నౌకరీ కూడా ఉన్నదన్నట్టు" అంది.

గీత పడమరకు సాగింది. ఇద్దరు రైతులూ హద్దు దాటినవాళ్లే, ఒకరిది రవ్వంత ఎక్కువ, ఒకరిది రవ్వంత తక్కువ. మా ప్లాటులో కడీ నుంచి అమ్మవారి దాకా ఉన్న పది అడుగులూ పోయాయి. వాళ్లకు ఇటు వైపు మాకంటే రెండడుగులు ఎక్కువే పోయాయి. మా ఆయన పిడికెడు మట్టి తీసుకుని కాసేపు చేతిలో పెట్టుకుని, మళ్లీ అక్కడే వదిలేశారు. మాస్టారు రుమాలుతో మొహం ఒత్తుకుంటున్నారు. ప్రమాణం చేశారు కనుక ఇద్దరిలో ఎవరూ ఒక్క మాట అనలేదు. నాకూ పది అడుగుల బాధ లేదని కాదు. పూజగది అనుకున్న చోటు అది. కానీ పూర్తిగా పోతుందనుకున్న జాగలో ఇల్లు పట్టేంత మిగిలింది. దానికి దండం పెట్టుకోకపోతే ఎలా.

అత్తమ్మ ఒక్కతే సంబరంగా ఉంది. గీత ప్రకారం మా జాగకు అసలైన ఈశాన్యం మూల ఇప్పుడు అమ్మవారే.

"చెప్పిన్నా లేదా? కడీ కాడ కాదు, ఈడ అని" అంది కొడుకుతో. ఆమె ఉన్నన్నాళ్లూ ఏ సందర్భంలోనైనా ఈ మాట తెచ్చేది. కూరలో కారం ఎక్కువైందన్నా, బస్సు ఆలస్యమైందన్నా, చివరికి ఈశాన్యం దగ్గరికి వచ్చి ఆగేది.

రెండు ఇళ్ల మధ్య సన్నటి సందు వదిలి, దాని మొదట్లో అమ్మవారిని ఎక్కడిదాన్ని అక్కడే ఉంచాలని రాజీ కాగితం రాసుకున్నాం. సమ్మె విరమించాక ఒకే రోజు రిజిస్ట్రేషన్ ఆఫీసుకు వెళ్లి, ఇద్దరం హద్దులు సరిచేస్తూ సవరణ దస్తావేజులు చేయించుకున్నాం. తర్వాతి రెండేళ్లలో రెండిళ్లూ లేచాయి. ముందు మాది. ఆ వెంటే వాళ్లది, మా మేస్త్రీతోనే. ఇల్లు సన్నగా పొడుగ్గా బస్సులా ఉందని మా ఆయన ఎగతాళి చేస్తారు. గడప మాత్రం మద్ది చెక్కతో, నిండుగా ఉంటుంది. గృహప్రవేశానికి దిల్‌సుఖ్‌నగర్ ఓనరమ్మను పిలిచాను. ఆమె వచ్చి, పసుపుతో మెరుస్తున్న గడపను చూసి, "బాగుందమ్మా, కళగా ఉంది" అంది. దాటేటప్పుడు మాత్రం చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుంది.

రాష్ట్రం ప్రకటించిన రోజు వీధంతా పటాకులు. అక్క సందులోంచి గిన్నెలో పరమాన్నం పట్టుకుని వచ్చింది. మొహం కొంచెం చిన్నబోయి ఉంది. "మీకు రాష్ట్రం వచ్చిందిగా వదినగారూ, నోరు తీపి చేసుకోండి" అంది.

అత్తమ్మ గిన్నె అందుకుని, "మీకు ఏంది, మనకు అను. నువ్వింకా ఈడ కిరాయికి ఉన్నట్టు మాట్లాడుతున్నవ్" అని, అక్క నోట్లోనే మొదటి చెంచా పెట్టింది.

ఒక్క విషయం మిగిలింది. సవరణ దస్తావేజులు చేతికి వచ్చిన రోజు నా అలవాటు కొద్దీ రెండూ మొదటి నుంచి చివరి దాకా చదివాను. మా దాంట్లో హద్దులు: ఉత్తరాన మైసమ్మ గుడి, సందు. వాళ్ల దాంట్లో: దక్షిణాన పోలేరమ్మ గుడి, సందు. ఎవరి హద్దులు వాళ్లు చెప్పి రాయించుకున్నారు మరి. ఒకే రాయి, ఒకే చోటు, రెండు పేర్ల మీద రిజిస్టరై సర్కారు దగ్గర భద్రంగా ఉంది.

అక్కకు చూపించాను. ఆవిడ చదివి, చుట్టూ చూసి, కాగితం మడిచి నా చేతిలో పెట్టింది.

"అమ్మవారేమైనా అభ్యంతరం చెప్పిందా?" అంది.

"లేదు."

"అయితే మనకెందుకు వదినగారూ" అని, ముగ్గు డబ్బా అందుకుంది.